జీలియో ఊరేగింపు: ఫొటోల్లో గోపురం వస్తోంది, మోసేవాళ్లు రావడం లేదు

ప్రశ్న:
న్యూయార్క్‌లో బ్రూక్లిన్ విలియమ్స్‌బర్గ్‌లో ఏటా జూలైలో కార్మెల్ మాత (మరియమ్మ), పునీత పౌలీనుస్ పండుగ జరుగుతుంది కదా. ఇటలీలోని నోలా నుంచి వలస వచ్చినవాళ్లు 1903లో అక్కడ మొదలుపెట్టారు. 70 అడుగులు దాటిన జీలియో గోపురాన్ని, దాని మీద కూర్చున్న బ్యాండుతో సహా, వందమందికి పైగా భుజాల మీద ఎత్తుతారు. రెండేళ్లుగా తీస్తున్నాను. ఏ ఫొటో చూసినా గోపురం, ఆకాశం. మోసినవాళ్లు అడుగున నల్లటి గీతలా మిగిలిపోతున్నారు. దగ్గరికి వెళ్తే అడ్డమవుతానేమోనని టెన్షన్. ఇంకో సంగతి. మాత విగ్రహానికి డాలర్ నోటు గుచ్చి ఏడుస్తున్న ఒక పెద్దావిడను తీశాను. తీసి ఉండాల్సింది కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తోంది.

జవాబు:
ఆరేళ్లుగా వెళ్తున్నానండి. మొదట్లో నావీ అంతే. ఈసారి గోపురాన్ని వదిలేసి కాపోను చూడండి, చేతికర్ర పట్టుకుని ఎదురుగా నిలబడి ఎత్తించే ఆయన. గోపురం కింద ఉన్నవాళ్లకు అది కనిపించదు, ఆయన మాటే ఆధారం. ఆయన పిలుపుకీ భుజాలు లేవడానికీ మధ్య అందరూ ఊపిరి బిగబడతారు. నాకు దక్కిన మంచి ఫొటోలన్నీ ఆ రెండు సెకన్లవే. ఎత్తాక అందరి మొహాలూ ఒకేలా ఉంటాయి. దించాక మళ్లీ ఎవరి మొహం వాళ్లది, ఒకరు కందిన భుజం తడుముకుంటారు, ఒకరు కొడుకు కోసం వెతుకుతారు.

గోపురం కదులుతున్నప్పుడు దాని దారిలోకి మాత్రం వెళ్లొద్దు. టన్నుల బరువు, ఒక్కసారిగా నేలకు దిగుతుంది. దిగాకే దగ్గరికి వెళ్లండి, 35 ఎంఎం లెన్స్ చాలు. ఎండకు భయపడి మొహాలను చీకటి చేయకండి. ఆకాశం తెల్లగా పోతే పోనివ్వండి.

పెద్దావిడ ఫొటో ఎక్కడా పెట్టకండి. ప్రింట్ వేయించి ఆమెకే ఇవ్వండి, ఉంచుకోవచ్చా అని అప్పుడు అడగండి. నేనలా ఒకాయనకు ప్రింట్ ఇస్తే, ఆయన తన మొహం చూసుకోలేదు. పట్టుకున్న దూలం మీద వేలు పెట్టి, "ఇది మా బాబాయి చోటు" అన్నారు. అప్పటిదాకా నాకు వాళ్లంతా ఒక గుంపు. ఇప్పుడు ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో రాసుకుంటున్నాను.

జవాబు:
మోసేవాళ్లలో చాలామంది ఇప్పుడు ఆ పేటలో ఉండరు. లాంగ్ ఐలండ్, న్యూజెర్సీ నుంచి ఆ రోజుకి వస్తారు. పొద్దున్నే వెళ్లి, పాత వీధిలో వాళ్లు ఒకరినొకరు కలుసుకోవడం తీయండి. వీలైతే జూలై 16న ఈస్ట్ హార్లెమ్ 115వ వీధికీ వెళ్లండి. ఇటాలియన్లు మొదలుపెట్టిన కార్మెల్ మాత పండుగకే ఇప్పుడు హైతీ నుంచి వచ్చిన కుటుంబాలు తరలివస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
ప్రింట్ ఇవాళే వేయించానండి. ఆమె పేరు తెలియదు. పూజ అయ్యేసరికి గుడి మెట్ల దగ్గర ఉంటాను.