అరటికాయ చిప్స్ కోసే చెక్కబల్ల: ముక్క మందం సమంగా రావాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (రాజమండ్రి నుంచి)

అందరికీ నమస్కారం. బజారులో కొన్న ప్లాస్టిక్ స్లైసరు బ్లేడు దగ్గర చీలిపోవడంతో, ద్వారబంధానికి వాడగా మిగిలిన టేకు చెక్కతో అరటికాయ చిప్స్ కోసే బల్లను నేనే చేయాలని పూనుకున్నాను. ఒక అడుగు పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ఉన్న ముక్కకు మధ్యలో అడ్డంగా సన్నని గాడి కోసి, దాని మీద బ్లేడును కొంచెం పైకి లేచేలా బిగించాను. కాయ తెగుతోంది గాని, ముక్క ఒక అంచున కాగితంలాగా, రెండో అంచున బిళ్లలాగా వస్తోంది. నూనెలో వేస్తే పలుచని వైపు మాడిపోయే సమయానికి మందంగా ఉన్న వైపు ఇంకా మెత్తగానే ఉంటోంది. పైగా పది ముక్కలు కోసేసరికి గాడి పూడుకుపోతోంది. లోపం ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (వడ్రంగం పని చేసేవారు)

చెక్కను నునుపు చేసే కరెంటు చిత్రికను ఒకసారి తిరగేసి చూడండి, మీకు కావలసిన బల్ల అలాగే ఉంటుంది. మీ బల్లలో బ్లేడుకు ముందున్న చెక్క, వెనకున్న చెక్క ఒకే మట్టంలో ఉన్నాయి కాబట్టి, తెగిన కాయ బ్లేడును దాటగానే వెనకకు ఒరిగిపోతోంది, ముక్క వంకరగా రావడానికి కారణం అదే. వెనక చెక్క బ్లేడు అంచుతో సమంగా ఉండాలి, కాయ బ్లేడును చేరకముందు జరిగే ముందు చెక్క మాత్రం ముక్క మందమెంతో అంత కిందికి ఉండాలి.

అందుకని బల్లను రెండు ముక్కలుగా చేసి, పక్కల రెండు పట్టీలతో కలపండి. వెనక ముక్కను కదలకుండా బిగించి, ముందు ముక్క బ్లేడు అంచుకు 3 మిల్లీమీటర్లు దిగువన కూర్చునేలా చేయండి. పాత ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, కాబట్టి ముందు ముక్క కింద రెండు కార్డు ముక్కలు పెట్టి మరలు బిగిస్తే చిప్స్‌కు సరిపడే ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా మిగులుతుంది. అట్టముక్కలు మాత్రం పెట్టకండి, తడికి ఉబ్బుతాయి.

బ్లేడును అడ్డంగా కాక 45 డిగ్రీల ఏటవాలుగా అమర్చండి. కత్తిపీట మీద కాయను నొక్కకుండా జరుపుతూ కోసినట్టే, ఏటవాలు బ్లేడు మీద కూడా కాయ జారుతూ తెగుతుంది, బలం తక్కువ పడుతుంది. సానపట్టిన వాలు కిందికి, చదును వైపు పైకి ఉండాలి. ముందు చెక్కకు, బ్లేడు అంచుకు నడుమ 3, 4 మిల్లీమీటర్ల సందు వదిలి, ఆ సందు కిందికి పోయేకొద్దీ వెడల్పయ్యేలా ఉలితో చెక్కండి. మీ గాడి గోడలు నిలువుగా ఉన్నందువల్లనే ముక్కలు ఇరుక్కుంటున్నాయి.

జవాబు 2 (కర్నూలు నుంచి)

పై జవాబుతో ఏకీభవిస్తూ, చెక్కకు, లోహానికి సంబంధించి కొంత చేర్చదలచాను. కత్తిపీటను మా వైపు ఈలపీట అంటారు, దాని ఇనుప కత్తితో అరటికాయ కోస్తే కత్తీ ముక్కలూ నల్లబడడం అందరూ చూసిందే. కాయలోని వగరు ఇనుముతో కలిసి చేసే పని అది. అందువల్ల స్టెయిన్‌లెస్ స్టీలు బ్లేడే వాడండి. టేకులో ఇనుప మరలు దిగిన చోట కూడా తడి తగిలితే నల్లని మరక పడుతుంది కనుక, ఇత్తడి మరలు మేలు.

బల్ల చెక్కకు వేరుశనగ నూనె రాస్తే కొన్నాళ్లకు కమురు వాసన వస్తుంది. ఆరే గుణమున్న పచ్చి అవిసె నూనెను పలుచగా రాసి, పూర్తిగా ఆరాక మళ్లీ రాయండి. రంగుల దుకాణంలో దొరికే ఉడికించిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, అది వంటింటికి పనికిరాదు. కడిగిన బల్లను ఎండలో పెట్టకుండా నీడలో నిలువుగా ఆరబెట్టండి.

జవాబు 3 (ఒక గృహిణి)

దయచేసి చేతి కాపు లేకుండా ఈ బల్లను వాడకండి. కాయ రెండంగుళాలకు వచ్చాక దాని జిగురుకు వేళ్లు జారతాయి. నా బొటనవేలి కొన అలాగే తెగింది, గోరు సరిగా రావడానికి నెలలు పట్టింది. అరచేయంత చెక్కముక్కకు 8 మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా మూడు స్టీలు మేకులు దిగగొట్టి, వాటితో కాయను గుచ్చి పట్టుకోండి. పక్క పట్టీలను బల్ల కంటే 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంచి, ఈ కాపు వాటి మీదనే జరిగేలా చేస్తే మేకులు బ్లేడుకు ఎన్నటికీ తగలవు.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. బల్లను రెండుగా కోసి, రెండు కార్డు ముక్కలు పెట్టి, సందును కిందివైపు వెడల్పు చేశాను. నిన్న బ్లేడుకు కాస్త నూనె రాసి నాలుగు బొంత అరటికాయలు కోస్తే, ఒక్క ముక్కయినా ఇరుక్కోలేదు. కిటికీ వెలుతురుకు పెట్టి చూస్తే ముక్క నిండా ఒకే లేత ఛాయ కనిపించింది, బాణలిలోనూ అన్నీ ఒకేసారి వేగాయి. చేతి కాపు పూర్తయ్యే దాకా కాయ చివరి రెండంగుళాలను కోయకుండా కూరకు తీసి పెడుతున్నాను.