అప్‌డేట్: బాల్కనీ లెట్యూస్ దారిలో పడింది

మట్టి లేకుండా, ఎరువు నీళ్ల బకెట్లలో వేసిన లెట్యూస్ (సలాడ్ ఆకు) ఎదగట్లేదు, ఆకుల అంచులు మాడుతున్నాయి, ఏం చేయాలని అడిగాను కదా. బోరు నీళ్లు చూడమన్నవాళ్ల మాటే నిజమైంది. టీడీఎస్ మీటరు (లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగున్నాయో చూపేది) ముంచితే ఎరువు కలపకముందే 900 దాటింది! లెట్యూస్‌కి ఎరువు కలిపాక కూడా 600 చుట్టుపక్కల ఉంటే చాలు.

ఇప్పుడు ఆర్వో నీళ్లే. అయితే ఆర్వోలో కాల్షియం దాదాపు ఉండదు, అది తక్కువైనా లేత ఆకుల అంచులు మాడతాయి. అందుకే కాల్షియం నైట్రేట్ కలుపుతున్నా. దాన్ని మిగతా ఎరువుతో చిక్కగా ఉన్నప్పుడు కలిపితే అడుగున తెల్లగా పేరుకుంటుంది. విడివిడిగా నీళ్లలో కరిగించి, తర్వాతే బకెట్లో పోయాలి. బకెట్లో నీళ్ల పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత) 5.5–6.5 మధ్య ఉండాలి.

వేళ్లకి ఆక్సిజన్ అందాలంటే నీళ్లలోకి గాలి ఊదే మోటారు కొనమన్నారు కొందరు, కొనలేదు. నీళ్లు తగ్గుతుంటే పైదాకా నింపకుండా వదిలేస్తే, గాలి తగిలే వేళ్లే ఆక్సిజన్ తీసుకుంటాయి. కరెంటు పోయినా దిగులు లేదు.

అత్తయ్య మాత్రం ఇంకా 'ఈ గడ్డికి ఇంత సోకా' అంటూనే ఉన్నారు, పెసరట్టులో పెడితే తిన్నారు.

ఏప్రిల్, మేలో హైదరాబాద్ ఎండకి లెట్యూస్ పూతకొచ్చి చేదెక్కుతుంది. అప్పుడు అవే బకెట్లలో తోటకూర వేస్తా, నవంబరులో మళ్లీ లెట్యూస్.