అప్‌డేట్: బ్రాకెట్ స్ట్రెస్ ఎందుకు తేడా వచ్చిందో దొరికింది
మొన్న అడిగాను కదా, బ్రాకెట్ బరువు తగ్గిద్దామని 3 కొలతలు మారుస్తూ బాక్స్-బెన్‌కెన్ ప్లాన్‌లో (ఏయే కొలతలతో రన్ చేయాలో చెప్పే పద్ధతి) 15 సిమ్యులేషన్లు చేసి క్వాడ్రాటిక్ మోడల్ (వర్గ పదాలున్న సమీకరణం) పెడితే ఆర్-స్క్వేర్ (మోడల్ డేటాకి ఎంత అతికిందో చెప్పే నంబర్, 1 అయితే పూర్తిగా) 0.98 వచ్చింది, తీరా అది చూపించిన బెస్ట్ డిజైన్‌ని నిజంగా రన్ చేస్తే స్ట్రెస్ (లోహంలో పుట్టే ఒత్తిడి) మోడల్ చెప్పినదానికంటే 20 శాతం ఎక్కువొచ్చిందని.

15లో 3 సెంటర్ పాయింట్లేనంట (కొలతలన్నీ మధ్య విలువలో), కంప్యూటర్ మూడుసార్లూ అదే జవాబిస్తది, అంటే రెండు దండగే (ఒక్కోటి 40 నిమిషాలు, విజయనగరంలో కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ మొదటికి!). మిగిలిన 13 పాయింట్లకి మోడల్‌లో 10 గుణకాలు, ఇంక ఆర్-స్క్వేర్ బాగా రాక ఏటవుద్ది. పైగా ఆ ప్లాన్‌లో మూలల పాయింట్లే (మూడు కొలతలూ ఒకేసారి చివరి విలువల్లో) ఉండవు, నా బెస్ట్ డిజైన్ సరిగ్గా మూలలోనే ఉంది.

అసలు దొంగ మాత్రం వేరే. మ్యాగ్జిమమ్ స్ట్రెస్ కొన్ని డిజైన్లలో ఫిల్లెట్ (గుండ్రం చేసిన లోపలి మూల) దగ్గర, కొన్నిట్లో బోల్ట్ హోల్ దగ్గర వస్తంది, రెండిట్నీ కలిపి ఒకే నంబర్‌గా ఇస్తే గ్రాఫ్‌లో మడత పడిపోద్ది, క్వాడ్రాటిక్ ఆ మడతని నున్నగా చేసేస్తది. మీలో ఒకరు క్రిగింగ్ (రన్ చేసిన పాయింట్ల మధ్య విలువల్ని అంచనా వేసే ఇంకో రకం మోడల్) వాడమన్నారు, వాడా, కొంచెమే మెరుగైంది. చివరికి రెండు చోట్లకీ వేరు వేరు మోడళ్లు పెట్టి, మూలల్లో ఇంకో 8 రన్లు కలిపితే తేడా 3 శాతానికి వచ్చింది.