స్లామ్‌లో కవితకు మార్కులు వేయడం సబబేనా?

శ్రోత_హైదరాబాద్: శని, ఆదివారాలు కవితల పండగకి వెళ్లొచ్చాను. శనివారం ఎవరైనా వచ్చి చదివే ఓపెన్ మైక్ హాయిగా గడిచింది. ఆదివారం స్లామ్ (కవితలు చదివే పోటీ) దగ్గరే చిరాకేసింది. ప్రేక్షకుల్లోంచి అయిదుగురిని పిలిచి చేతికి పలకలిచ్చారు. కవిత అవగానే పదికి ఎన్నో రాసి పైకెత్తాలి. ఒకమ్మాయి వాళ్ల నాన్న పోయిన రోజు గురించి చదివింది. ఇంకా మైకు ముందు నుంచి కదల్లేదు, 7.4 అని పలక లేచింది. ఇదేం పద్ధతండీ?

పాత_మైకు: ఆ ఆట పుట్టిందే అలా. చికాగోలో మార్క్ స్మిత్ అనే భవన నిర్మాణ కార్మికుడు 1986లో గ్రీన్ మిల్ అనే బార్‌లో మొదలుపెట్టాడు. పండితుల్ని పక్కనపెట్టి, వినడానికొచ్చిన మామూలు జనం చేతికే మార్కులిచ్చాడు. అయిదింటిలో ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా మూడూ కలుపుతారు, కాబట్టి ఒక్కరి పక్షపాతం పెద్దగా పనిచేయదు. మార్కులు ఎర మాత్రమే. అవి లేకపోతే మీరు నాలుగో కవితకే టీకి లేచేవారు!

పద్యప్రియ: మనకిదేం కొత్త? అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు (ప్రశ్నలడిగేవాళ్లు) ఫలానా అక్షరం వాడొద్దనే నిషిద్ధాక్షరి, ఇచ్చిన మాటలతో పద్యం చెప్పమనే దత్తపది, ఇచ్చిన పాదాన్ని పూరించమనే సమస్య అంటూ అవధానిని నిలదీస్తారు. మధ్యలో సంబంధం లేని మాటలతో అడ్డుపడే అప్రస్తుత ప్రసంగి గోల ఒకటి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి చేసింది అదేగా.

శ్రోత_హైదరాబాద్: అక్కడ పరీక్ష గుర్తుంచుకునే ధారణకీ, అప్పటికప్పుడు చెప్పే ఆశువుకీ అండీ. యతి తప్పితే తప్పిందని చెప్పొచ్చు. నాన్న చావుకి ఆ పాయింట్ నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?

పాతబస్తీ_వాలా: ముషాయిరాలో (ఉర్దూ కవి సమ్మేళనంలో) షేర్, అంటే రెండు పాదాల కవిత, నచ్చితే ‘ముకర్రర్’ అని మళ్లీ చదివిస్తారు, నచ్చకపోతే ఎవరూ నోరు మెదపరు. అంతకంటే కఠినమైన తీర్పు ఉందా? మన ఉగాది కవి సమ్మేళనాల జబ్బు వేరు. అందరికీ చప్పట్లు, అందరికీ శాలువా. వినేవాళ్లు కూడా ఆ కవులే. దానికన్నా పలకలే నయం.

మూడు_నిమిషాలు: నేను స్లామ్‌లో చదివినవాణ్ణి. మార్కులుంటే నాకు బాధ లేదు, కానీ అవి పడే తీరు చూడండి. పొద్దుపోయేకొద్దీ జడ్జీల చేయి వదులవుతుంది, చివర చదివినవాళ్లకి లాభం. అందుకే పోటీలో లేని కవిని ముందు చదివిస్తారు, అయినా పోటీలో మొదట చదవాల్సి వచ్చినవాడికి దెబ్బే. కవితకి గడువు మూడు నిమిషాలు, దాని మీద పది సెకన్లు వెసులుబాటు, ఆ తర్వాత ప్రతి పది సెకన్లకి అర మార్కు కోత. దాంతో అందరూ ఒకేలా రాస్తున్నారు: ఎత్తుగడలో కేక, ముగింపులో ఏడుపు. నెమ్మదిగా పట్టుకునే కవితకి అక్కడ చోటు లేదు. ఇంకా, నేను తెలుగులో చదివితే జడ్జీల్లో ముగ్గురికి భాషే రాదు. పాపం, నా చేతులు చూసి మార్కులేశారు. తెలుగు స్లామ్ విడిగా పెట్టాలి, జడ్జీలు తెలుగు వచ్చినవాళ్లే ఉండాలి.

పాత_మైకు: భాష సంగతి ఒప్పుకుంటాను. కానీ జడ్జీల్ని ఏరడం మొదలుపెడితే మళ్లీ ముందువరస పెద్దలే వచ్చి కూర్చుంటారు. తెలుగు వచ్చినవాళ్ల పేర్లు రాసి చీటీలు తీయండి.

శ్రోత_హైదరాబాద్: చీటీలైతే సరే. కానీ ఆ తెలుగు స్లామ్‌కి టైమ్ కోసం శనివారం ఓపెన్ మైక్‌ని కోస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.