లుసైల్ స్టేడియం: అన్నట్టే సీట్లు పీకేయాలా, అలాగే ఉంచాలా?

సైడ్‌లైన్_శీను
ఖతర్‌లో 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ జరిగిన లుసైల్ స్టేడియం సంగతి. కప్పు అయిపోయాక ఇంత పెద్దది మాకెందుకు, సీట్లు చాలావరకు తీసి అవసరమున్న దేశాలకు ఇచ్చేస్తాం, లోపల బడి, షాపులు, క్లినిక్ పెడతాం అని నిర్వాహకులు అప్పట్లో చెప్పారు. తీరా చూస్తే 2024 ఫిబ్రవరిలో ఆసియా కప్ ఫైనల్ అక్కడే పెట్టారు. ఖతర్ 3, జోర్డాన్ 1. అక్రమ్ అఫీఫ్ కొట్టిన మూడూ పెనాల్టీలే. జనం 86 వేల పైచిలుకు. అదే ఏడాది డిసెంబర్‌లో రియల్ మాడ్రిడ్ వచ్చి ఇంటర్‌కాంటినెంటల్ కప్ పట్టుకుపోయింది.
నా ఓటు ఉంచడానికే. కట్టినదాన్ని విప్పడానికీ మళ్లీ డబ్బే కదా. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు
శీను గారూ, ఏడాదికి రెండు మూడు పెద్ద మ్యాచ్‌లు చూపించి మిగతా రోజులు దాటేశారు. ఖతర్ జనాభా ముప్పై లక్షల దరిదాపుల్లో ఉంటుంది, అందులో పౌరులు మూడు నాలుగు లక్షలే. ప్రపంచకప్ ఫైనల్‌కి వచ్చింది 88,966 మంది. అంటే ఉయ్యాలలో పిల్లతో సహా ప్రతి నలుగురు పౌరులకు ఇంచుమించు ఒక సీటు! ఇది కాక ఇంకో ఏడు స్టేడియాలు, అన్నీ దోహా చుట్టుపక్కలే.
బ్రెజిల్ వాళ్లు 2014లో అడవి మధ్య మనౌస్‌లో ఇలాగే కట్టారు. ప్రపంచకప్ మ్యాచ్‌లు నాలుగు జరిగాయి. ఆ తర్వాత దాన్ని నింపే స్థాయి క్లబ్బే ఆ ఊళ్లో లేదు. తెల్ల ఏనుగుకి మేత వేయడం ఖతర్‌కి కష్టం కాదు, నిజమే. కానీ మాట మాటే. కంటైనర్లతో కట్టిన 974 స్టేడియాన్నీ విప్పేస్తామన్నారు, 2024 డిసెంబర్‌లో కూడా అందులో మ్యాచ్‌లు ఆడించారు.

సైడ్‌లైన్_శీను
2030 ఆసియా క్రీడలు దోహాలోనే మాస్టారూ. అప్పుడు మళ్లీ కట్టమంటారా? 2024 నవంబర్‌లో గచ్చిబౌలిలో మన జట్టు మలేసియాతో 1-1 ఆడినప్పుడు వెళ్లా. మధ్యలో రన్నింగ్ ట్రాక్, ఆ దూరం నుంచి బంతి ఎవరి కాళ్ల దగ్గరుందో సగం సార్లు పక్కవాణ్ని అడగాల్సి వచ్చింది. అచ్చంగా ఫుట్‌బాల్ కోసమే కట్టిన స్టేడియం విలువ మనలాంటి వాళ్లకు తెలుస్తుంది.

ఎర్రచొక్కా
మీకు సీట్ల గొడవ. ఆ స్టేడియం కడుతూ 6,500 మంది చచ్చిపోయారు. కూల్చేయాలి, అంతే.

లెక్కల_మాస్టారు
నేను తీసేయమనే పక్షమే. అయినా ఈ అంకెను ఇలా వాడితే ఒప్పుకోను. 2021లో గార్డియన్ పత్రిక వేసిన లెక్క అది. భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక నుంచి వెళ్లినవాళ్లలో పదేళ్లలో ఖతర్‌లో చనిపోయిన వాళ్లందరూ అందులో ఉన్నారు. అన్ని పనులవాళ్లు, అన్ని కారణాలు. ఒక్క లుసైల్‌ది కాదు.
స్టేడియాల మీద పనిచేసినవాళ్లలో పని వల్ల పోయింది ముగ్గురు, వేరే కారణాలతో 37 మంది అని ప్రపంచకప్ ఏర్పాట్లు చూసిన ఖతర్ కమిటీ లెక్క. 2022 నవంబర్‌లో ఆ కమిటీ అధిపతి హసన్ అల్ తవాదీయే టీవీలో 400 నుంచి 500 అన్నారు. తర్వాత అది దేశం మొత్తం మీద పనిచోట్ల పోయినవాళ్ల లెక్క అని సర్దుకున్నారు. అసలు చిక్కు అంకెలో లేదు, కాగితంలో ఉంది. ముప్పై ఏళ్లవాడు క్యాంపులో రాత్రి పడుకుని తెల్లారి లేవకపోతే ‘సహజ మరణం’, ‘గుండె ఆగింది’ అని రాసేస్తారు. అలా రాస్తే అది పని ఖాతాలోకి రాదు, ఇంటికి పరిహారమూ రాదు. ఎండలో ఎన్ని గంటలు చేశాడన్నది ఆ కాగితంలో ఉండదు.

మెట్‌పల్లి_టు_దోహా
మాస్టారు చెప్పిన కాగితం మా ఊరికీ వచ్చింది. పేరు వద్దు లెండి.
నేను స్టేడియం కట్టలేదు, ఫైనల్ రోజు అందులో గార్డ్ డ్యూటీ చేశా. కంపెనీ పేరు చెప్పను. పొద్దున్నే బస్సులో దింపారు, డ్యూటీ పన్నెండు గంటలు దాటింది, ఓటీ సగమే వచ్చింది. మా పని ఏంటంటే గ్రౌండ్ వైపు వీపు పెట్టి జనాన్ని చూస్తూ నిలబడటం. వెనక్కి తిరిగితే సూపర్‌వైజర్ ఫోటో తీసి పంపిస్తాడు.
నా ఎదురుగా అర్జెంటీనా చారల జెర్సీలో ఒక పెద్దాయన. నేను మ్యాచంతా ఆయన మొహంలోనే చూశా. రెండు గోల్సప్పుడు పక్కనున్న పిల్లాణ్ని పైకెత్తాడు. 80వ నిమిషంలో తల పట్టుకుని కూర్చున్నాడు. అవతలి జట్టు ఫ్రాన్స్‌కి ఎంబాపే కొట్టిన పెనాల్టీ అని తర్వాత తెలిసింది. ఆయన లేచేలోపే రెండోది పడింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో మళ్లీ నవ్వు, మళ్లీ ఏడుపు. ఆఖర్న షూటౌట్‌లో అర్జెంటీనా మోంటియేల్ గెలుపు కిక్ కొట్టేటప్పుడు ఆయన కళ్లు మూసుకున్నాడు. అంటే ఆ గోల్ మా ఇద్దరికీ కనపడలేదు. చప్పుడు విని కళ్లు తెరిచి, రెయిలింగ్ మీదుగా వంగి నా మెడ పట్టుకుని ముద్దు పెట్టాడు. ప్రపంచకప్ ఫైనల్ ఎదురుగా చూశావట కదా అని ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. అవునంటా.
కూల్చేయాలన్న ఎర్రచొక్కా అన్నకి ఒక మాట. కూలిస్తే మళ్లీ ఆ పనికి వచ్చేది కూడా మావాళ్లే, అదే ఎండలో.

ఎర్రచొక్కా
అది నేను ఆలోచించలేదు భాయ్. కూల్చొద్దు సరే. మరి ఇళ్లకు డబ్బులైనా?

లెక్కల_మాస్టారు
అందుకే సీట్ల మాటతో పాటు ఆ మాటా పట్టుకోవాలంటున్నా. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ఐదు లక్షలు ప్రకటించింది. ఆ దేశం ఇవ్వాల్సింది మన ఖజానా ఇస్తోంది.

సైడ్‌లైన్_శీను
దీనికి నా దగ్గర జవాబు లేదు మాస్టారూ. స్టేడియం ఉంచాలనే ఇప్పటికీ అంటా, కానీ ఖర్చు ఎవరు పెట్టారన్న వరుసలో వీళ్లని నేను లెక్కలోకి తీసుకోలేదు.
మెట్‌పల్లి అన్నా, తర్వాత ఎప్పుడైనా ఆ సీట్లో కూర్చున్నారా?

మెట్‌పల్లి_టు_దోహా
ఒక్కసారి. 2024 జనవరి, ఆసియా కప్ మొదటి మ్యాచ్, ఖతర్-లెబనాన్. చవక టికెట్, పైవరస. సీట్ల కింద నుంచి చల్లగాలి వస్తుందని డ్యూటీలో అందరూ చెప్పుకునేవాళ్లం, అదెలా ఉంటుందో చూద్దామని వంగి చెయ్యి పెట్టా. చలికాలం కదా, ఏమీ రాలేదు.