అప్‌డేట్: ‘డచెస్ ఆఫ్ మాల్ఫీ’ వేదికపై రక్తం
పదిహేడో శతాబ్దపు ఆంగ్ల నాటకకర్త జాన్ వెబ్‌స్టర్ ప్రతీకార విషాదాంత నాటకం ‘ది డచెస్ ఆఫ్ మాల్ఫీ’ని 2018లో బ్రిటన్ నాటక సంస్థ రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ కోసం దర్శకురాలు మరియా అబెర్గ్ రూపొందించినప్పుడు, వేదికపై ఉంచిన భారీ పశుకళేబరం నుంచి కారిన రక్తం నేలంతా పరుచుకోవడంపై విమర్శకులు ఎందుకు చీలిపోయారని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీ జవాబుల తరువాత సమీక్షలు మళ్లీ చదివాను. పురుషాహంకార హింస ఎవరినీ మరక అంటకుండా వదలదని ఆ రక్తం చెబుతోందని కొందరు మెచ్చుకోగా, అది వెబ్‌స్టర్ కవిత్వాన్ని కప్పేసిందని మరికొందరు నొచ్చుకున్నారు. నాటక నాయిక అయిన డచెస్ నాలుగో అంకంలోనే హత్యకు గురవుతుంది గనుక, ఆమె లేని చివరి, ఐదో అంకాన్ని ఏది నిలబెట్టాలన్నదే అసలు వివాదమని నాకిప్పుడు అనిపిస్తోంది. నేను మొదటి పక్షం వైపే మొగ్గుతాను: ఆమె హత్య తాలూకు గుర్తు హంతకుల కాళ్లకింద చివరిదాకా ఉండటం న్యాయమే.