కేజీఎఫ్ వెళ్తున్నాం, గనిలోకి దిగలేమంటే ఇంకేం చూడొచ్చు?

పలమనేరు పిల్ల

అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను తీసుకుని బెంగళూరు నుంచి కేజీఎఫ్, అంటే కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ బంగారు గనుల ఊరు వెళ్దామనుకుంటున్నాం. నాన్నగారి మేనమామ అక్కడ మైసూర్ మైన్‌లో పనిచేశారు. నాన్న చిన్నప్పుడు సెలవులకు వాళ్లింటికే వెళ్లేవారట, గనులు మూతపడ్డాక మళ్లీ అటు వెళ్లలేదు. నెట్‌లో వెతికితే సగానికి సగం సినిమా సంగతులే వస్తున్నాయి. గని లోపలికి పంపిస్తారా? పంపించకపోతే ఒక రోజంతా గడపడానికి అక్కడ ఏముంది? వెళ్లొచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కుప్పం బండి

లోపలికి పంపించరండీ, ఆ ఆశ పెట్టుకోవద్దు. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు, ఆ తర్వాత నీళ్లు తోడే పని ఆగిపోయి కింద సొరంగాల్లోకి నీరు చేరిపోయింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లను బతిమాలుకుని లాభం లేదు, వాళ్లు ఆపడం మన మంచికే. పాత షాఫ్టుల (గనిలోకి నిటారుగా దిగే బావుల) చుట్టూ నేల ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ డొల్లగా ఉందో పైనుంచి చూస్తే తెలియదు.

కానీ వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. నేను కుప్పం నుంచి బండి మీద ఎప్పుడు వీలైతే అప్పుడు వెళ్తుంటాను. ముందుగా చూడాల్సింది సైనైడ్ దిబ్బలు. తవ్వి తీసిన రాయిని పిండిలా నూరి, సైనైడ్ నీళ్లతో బంగారాన్ని లాగేశాక మిగిలిన మడ్డి అది. నూరేళ్లకు పైగా పోసీ పోసీ గుట్టలైపోయాయి, మొత్తం మూడు కోట్ల టన్నులకు పైనే ఉంటుందంటారు. దూరం నుంచి మామూలు కొండల్లాగే ఉంటాయి గానీ దగ్గరికి వెళ్తే చెట్టూ చేమా పెద్దగా కనపడవు, వాన నీళ్లు కోసుకుపోయిన లోతైన గాడులు పైనుంచి కిందికి వరుసగా ఉంటాయి. సాయంత్రం ఎండలో రంగు తెలుపు నుంచి పసుపుకు, అక్కణ్ణుంచి గోధుమకు మారుతూ ఉంటుంది. ఫొటోలకైతే సాయంత్రమే వెళ్లాలి.

ఛాంపియన్ రీఫ్ వాడు

కుప్పం అన్నా, ఫొటోల సంగతి సరే, దిబ్బ ఎక్కమని మాత్రం ఎవరికీ చెప్పకు. నేను పుట్టి పెరిగింది ఛాంపియన్ రీఫ్ గని కార్మికుల లైన్లలోనే. వేసవిలో గాలి లేచినప్పుడు ఆ దుమ్ము ఇళ్లలోకి, అన్నం కంచాల్లోకి, బావుల్లోకి వస్తుంది. మా వాళ్లు ఏళ్ల తరబడి దాంతోనే బతికారు. వానాకాలంలో ఆ గాడుల అంచులు ఉన్నట్టుండి విరిగిపడతాయి. పిల్లలున్నారంటున్నారు కాబట్టి రోడ్డు మీద నుంచే చూపించండి, కనపడాల్సిందంతా కనపడుతుంది. గాలి ఎక్కువగా ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

ఇక అసలు విషయం. మా ఊరిని చూడ్డానికి వచ్చేవాళ్లు దిబ్బ దగ్గర దిగి, సెల్ఫీ తీసుకుని, గంటలో వెళ్లిపోతారు. అక్కడ ఇప్పటికీ మనుషులున్నారని, అది సినిమా సెట్టింగ్ కాదని చాలామందికి తట్టదు. మీ నాన్నగారికి ఆ ఊరితో బంధుత్వం ఉంది కాబట్టి చెప్తున్నా, ముందు లైన్లు చూడండి. లైన్లంటే కార్మికుల ఇళ్ల వరుసలు. గోడకు గోడ ఆనుకుని ఒకే గది ఇళ్లు, వంగి వెళ్లాల్సినంత పొట్టి గుమ్మాలు, వీధికంతా కలిపి నీళ్ల కొళాయి. ఆ ఒక్క గదిలోనే తల్లీదండ్రీ, నలుగురైదుగురు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు. తండ్రి నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే పిల్లలు బయట అరుగు మీదే ఉండాలి. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు ఎక్కువ, మన చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ బాగానే ఉన్నారు. వీధిలో ఆడుకునే పిల్లాడికి మూడు భాషలు వచ్చేస్తాయి.

అక్కడి నుంచి కిలోమీటరు అటో ఇటో పోతే దొరల బంగళాలు, పెద్ద పెద్ద కాంపౌండులు, గోల్ఫ్ మైదానం, 1885 నాటి కేజీఎఫ్ క్లబ్. ఈ రెండింటినీ ఒకే పూటలో చూస్తే ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. చిన్న ఇంగ్లండ్ అని కేజీఎఫ్‌కు పేరు, అది ఆ బంగళాల వైపు చూసి పెట్టిన పేరు.

పలమనేరు పిల్ల

చాలా థాంక్స్ అన్నా. లైన్లలోకి మాలాంటివాళ్లు వెళ్లి చూస్తే అక్కడివాళ్లు ఏమనుకుంటారు? అదొక టెన్షన్.

ఛాంపియన్ రీఫ్ వాడు

ఏమీ అనుకోరమ్మా, పలకరిస్తే చాలు. కెమెరా పైకెత్తే ముందు అడగండి. మీ నాన్నగారి మేనమామ ఏ మైన్‌లో, ఏ షాఫ్టులో చేశారో చెప్తే పెద్దవాళ్లు పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు. గని మూసినప్పుడు రావాల్సిన డబ్బుల గొడవలు, ఇంటి పట్టాల గొడవలు, సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పాడైనవాళ్ల కథలు, అన్నీ వింటారు. వినండి. మా ఊళ్లో చూడాల్సినవాటిలో నా దృష్టిలో మొదటిది అదే.

బంగారుపేట ప్యాసింజర్

ఒక సలహా. కారు బంగారుపేటలో పెట్టేసి మారికుప్పం రైలెక్కండి. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, చివరికి మారికుప్పం. గనుల కోసమే వేసిన లైను ఇది, 1890ల నాటిది. స్టేషన్లన్నీ చిన్నవి, కిటికీలోంచి దిబ్బలు, షాఫ్టుల ఇనుప గోపురాలు కనపడుతూనే ఉంటాయి. తెల్లవారుజామున మారికుప్పం నుంచి బెంగళూరుకు బయల్దేరే బండ్లలో నిలబడ్డానికి చోటుండదు. గనులు పోయాక ఊళ్లో పనుల్లేక వేలమంది రోజూ బెంగళూరు వెళ్లి, రాత్రికి తిరిగొస్తారు. నేనూ అందులో ఒకణ్ణి. మీరు అటువైపు వెళ్లే రైలు ఎక్కుతారు కాబట్టి పొద్దున పూట సీటు హాయిగా దొరుకుతుంది. టైమింగ్స్ మాత్రం ముందురోజు యాప్‌లో చూసుకోండి.

రాళ్ల మాస్టారు

పిల్లలున్నారు కాబట్టి పెద్దపల్లి మర్చిపోవద్దు. ఊరి పేరు మన తెలుగే, కోలారు జిల్లాలోనే. అక్కడి అగ్నిపర్వత శిలలను జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. బోర్డు ఉంటుంది. బండ మీదికి వంగి చూస్తే నల్లటి రాయిలో రకరకాల సైజుల్లో గుండ్రటి ముక్కలు, కోసుగా ఉన్న ముక్కలు పొదిగినట్టు కనపడతాయి. ఎప్పుడో వందల కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతం చిమ్మినప్పుడు కలిసిపోయి గట్టిపడినవి. ఎనిమిదో తరగతి పిల్లలను తీసుకెళ్లాను, వేలు పెట్టి తడుముతూ అక్కణ్ణుంచి కదల్లేదు. దయచేసి సుత్తి తీసుకెళ్లవద్దు, ముక్క తెచ్చుకోవద్దు.

బంగారం గురించి పిల్లలు అడుగుతారు కాబట్టి ఇది కూడా. 1802లో వారన్ అనే లెఫ్టినెంట్ మైసూరు సరిహద్దు సర్వేకు వచ్చినప్పుడు ఇక్కడ బంగారం ఉందని విని, చూపించినవాళ్లకు బహుమతి ఇస్తానన్నాడు. పల్లెటూరివాళ్లు ఎడ్లబండ్లలో మట్టి తోలుకొచ్చి ఆయన ముందే కడిగి బంగారం రవ్వలు తేల్చి చూపించారు. అంటే కంపెనీలు రాకముందే మన రైతులకు ఆ విద్య వచ్చు. దాని మీద వారన్ రాసిన రిపోర్టు చదివే డెబ్బై ఏళ్ల తర్వాత లవెల్ అనే మాజీ సైనికుడు వచ్చాడు, బెంగళూరు లవెల్ రోడ్డు ఆయన పేరుదే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగింది. నూట ఇరవై ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం తీశారు. పోనుపోను రాయిలో బంగారం తగ్గిపోయింది, లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది, ఆఖరికి గ్రాము తీయడానికి అయ్యే ఖర్చు దాని ధరను మించిపోయింది.

న్యూట్రినో అభిమాని

మాస్టారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. ఈ గనుల లోతు మూడు కిలోమీటర్లు దాటింది. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలోనే రెండు కిలోమీటర్లకు పైగా లోతున టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, జపాన్ ఒసాకా, ఇంగ్లండ్ డర్హమ్ యూనివర్సిటీల వాళ్లతో కలిసి వాతావరణ న్యూట్రినోలను (కాస్మిక్ కిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే అతి సూక్ష్మ కణాలను) పట్టుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి ఫలితాల్లో అదొకటి. పైనున్న రాయి మిగతా కాస్మిక్ కిరణాలను దాదాపు అన్నింటినీ ఆపేస్తుంది, న్యూట్రినోలు మాత్రం దూసుకొస్తాయి, అందుకే అంత కిందికి దిగారు. 80ల్లో ప్రోటాన్ క్షయం ప్రయోగం, అంటే ప్రోటాన్ దానంతటదే విడిపోతుందా అని చూసే ప్రయోగం కూడా అక్కడే చేశారు. ఫిజిక్స్ చదివిన ఎవరికైనా అది పుణ్యక్షేత్రంతో సమానం. చూడ్డానికి పైన ఏమీ మిగల్లేదు, ఆ షాఫ్టు గోపురం వైపు చూస్తూ రోడ్డు మీద నిలబడటమే. నేను అదే చేశాను, చాలాసేపు నిలబడ్డాను.

ఆ గోపురం ఎలా ఉంటుందో పిల్లలకు చూపించండి. పైన పెద్ద చక్రాలు, వాటి మీదుగా ఇనుప తాడు, తాడుకు కేజ్, అంటే ఇనుప బోను. మనుషులు దిగింది, రాయి పైకొచ్చింది ఆ దారినే.

కుప్పం బండి

కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదే. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగ లాగి కరెంటు ఇచ్చింది ఈ గనులకే. బెంగళూరుకు ఆ తర్వాత మూడేళ్లకు గానీ రాలేదు.

నీళ్లు కూడా అంతే, పాలారు మీద బేతమంగళం చెరువు నుంచి పంపింగ్. చెరువు నిండుగా ఉంటే గట్టు మీద కాసేపు కూర్చోవచ్చు, పెద్దవాళ్లకు బాగుంటుంది. ముందు ఎవరినైనా కనుక్కుని వెళ్లండి.

ఛాంపియన్ రీఫ్ వాడు

అన్న చెప్పింది నిజమే, కానీ ఆ కరెంటు మిషన్ల కోసం, దొరల కోసం వచ్చింది. లైన్లలో ఇంటింటికీ దీపం రావడానికి చాలా కాలం పట్టింది. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకోవాలని కంపెనీ రూలు పెడితే గనులన్నీ ఆగిపోయేలా సమ్మె చేశారు మావాళ్లు. ఎక్కడా బోర్డు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

గుళ్లూ గోపురాలూ

అమ్మానాన్నలతో వెళ్తున్నారు కాబట్టి కమ్మసంద్రం కోటిలింగేశ్వర ఎలాగూ అడుగుతారు. కేజీఎఫ్ నుంచి ఆరేడు కిలోమీటర్లే. 108 అడుగుల శివలింగం, ఎదురుగా 35 అడుగుల నంది, చుట్టూ ఆవరణంతా చిన్నా పెద్దా లింగాలు. 1980లో మొదలైన క్షేత్రం, పాత గుడి కాదు. శివరాత్రికి, సోమవారాలకు జనం ఎక్కువ. ఎండలో బండల మీద చెప్పుల్లేకుండా నడవాలి, పదింటిలోపు ముగించుకోండి, లేదంటే పెద్దవాళ్ల పాదాలు కాలిపోతాయి.

గుట్టహళ్లి బంగారు తిరుపతి కూడా దగ్గరే, స్వామిని చిన్న కిటికీలోంచి చూడాలి. కోలారమ్మ, సోమేశ్వరుడు కోలారు టౌన్‌లో ఉన్నారు, చెక్కడాలు ఇష్టమైతే సోమేశ్వరుడి కల్యాణ మంటపం స్తంభాలు తప్పకుండా చూడండి. కోలారు పక్క కొండ మీదున్న అంతరగంగకు మాత్రం మెట్లు బాగా ఎక్కాలి, మోకాళ్ల నొప్పులుంటే వద్దు. అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే దేన్నీ సరిగా చూడలేరు.

రామగిరి నేల

ఇదంతా చదువుతుంటే మా అనంతపురం వైపు రామగిరి గుర్తొస్తోంది. మావీ చివర్లో కేజీఎఫ్‌ను నడిపిన ప్రభుత్వ కంపెనీ భారత్ గోల్డ్ మైన్స్ గనులే, అవీ మూతపడ్డాయి. కేజీఎఫ్‌కు కనీసం పేరుంది, చూడ్డానికి వచ్చేవాళ్లున్నారు. మా వైపు వచ్చి అడిగే నాథుడు లేడు.

ఛాంపియన్ రీఫ్ వాడు

పేరుంది సరే, చూపించే ఏర్పాటు ఏది తమ్ముడూ. ఒక్క షాఫ్టునైనా కంచె వేసి, పైన మిషన్ రూమ్ శుభ్రం చేసి, పాత మైనర్లనే గైడ్లుగా పెడితే వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. ఇప్పుడు ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం కోసం వాటిని మళ్లీ తవ్వే ఆలోచన కూడా ముందుకొచ్చింది, 2024లో కర్ణాటక కేబినెట్ పదమూడు దిబ్బలకు ఒప్పుకుంది. పనులొస్తే మంచిదే, మా పిల్లలు బెంగళూరు రైలెక్కకుండా ఉంటారు. కానీ ఊరి రూపం ఇలాగే ఉండదు. చూడాలనుకునేవాళ్లు వాయిదా వేయొద్దు.

పలమనేరు పిల్ల

అందరికీ దండాలు. ఇలా అనుకుంటున్నాం: పొద్దున్నే కమ్మసంద్రం, తర్వాత బంగారుపేటలో కారు పెట్టి మారికుప్పం రైలు, అక్కడి నుంచి ఆటోలో మైసూర్ మైన్ వైపు లైన్లు, ఛాంపియన్ రీఫ్ షాఫ్టు రోడ్డు మీద నుంచి, మధ్యాహ్నం రాబర్ట్‌సన్‌పేటలో భోజనం, సాయంత్రం దిబ్బలు దూరం నుంచి. పెద్దపల్లి పట్టదేమో. సరిపోతుందా?

బంగారుపేట ప్యాసింజర్

కమ్మసంద్రం నుంచి వెనక్కి బంగారుపేట వచ్చి రైలెక్కడం తిరుగుడు ఎక్కువ. రైలు ముందు పెట్టుకోండి, మారికుప్పంలో దిగి ఆటో రోజంతా మాట్లాడుకోండి. కమ్మసంద్రం మర్నాటి పొద్దున చూసుకుని, అటునుంచి పెద్దపల్లి కూడా ముగించుకుని ఇంటికెళ్లండి. రాత్రికి రాబర్ట్‌సన్‌పేటలో లాడ్జీలున్నాయి.

ఛాంపియన్ రీఫ్ వాడు

మైసూర్ మైన్ మారికుప్పం వైపే, స్టేషన్ నుంచి దగ్గరే. ఆదివారమైతే నేను ఊళ్లోనే ఉంటానమ్మా. మీ నాన్నగారి మేనమామ ఏ లైన్‌లో ఉండేవారో, ఏ ఏడు వరకు చేశారో కనుక్కుని మెసేజ్ పెట్టండి. ఆ వీధి పెద్దవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు ఉన్నారేమో ముందే అడిగి ఉంచుతాను.